ఆ గదిలో లైట్లు పెంచమనకండి

సంపాదకుడికి,

పాత జపాన్ అచ్చుచిత్రాలు పెట్టిన గదులు చీకటిగా ఉంటున్నాయని, లైట్లు పెంచాలని సందర్శకులు అడుగుతుంటారు. దయచేసి అడగకండి. నిర్వాహకులు కూడా ఒప్పుకోవద్దు. 18వ శతాబ్దపు ఎడో (ఇప్పటి టోక్యో) నగర స్త్రీల చిత్రాలైతే అసలే వద్దు.

1765 ప్రాంతంలో సుజుకి హరునొబు, ఆ తర్వాత కితగావా ఉతమారో వేసిన ఈ చిత్రాల్లో రంగులు చాలావరకు మొక్కలవి. ఎరుపు, గులాబీ కుసుమ పువ్వులవి. నీలం తరచుగా త్సుయుకుసా అనే మొక్క పూరేకులది. రెండూ కలిపితే కిమోనో మీది ఊదా. వెలుతురుకు ముందు పోయేవి ఇవే. ఆ నీలానికైతే నీటిచుక్క తగిలినా చాలు, చెదిరిపోతుంది. జుట్టు నలుపు మాత్రం మసి సిరా, అది వెలవదు. అందుకే కొప్పు నిగనిగలాడుతూ, దుస్తులు మట్టిరంగుకు దిగిన ప్రతులే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని చూసి ఆ చిత్రకారుల అభిరుచే అంత అనుకోవడం వాళ్ళకు అన్యాయం. హొకుసాయ్ అనే చిత్రకారుడి పేరుపొందిన కెరటం బొమ్మ ఇంకా నీలంగా ఉందంటే, 1830 నాటికి అంత తేలిగ్గా వెలవని ప్రష్యన్ నీలమనే రసాయన రంగు చేతికొచ్చింది. ఉతమారో అంతకు ముందే, 1806లోనే పోయాడు.

ఇలాంటి సున్నితమైన రంగులకు అంతర్జాతీయంగా చెప్పే పరిమితి 50 లక్స్ (లక్స్ అంటే బొమ్మ మీద పడే వెలుతురుకు కొలత), ఏడాదికి మొత్తం 15,000 లక్స్-గంటలు (లక్స్‌ను గంటలతో హెచ్చవేస్తే వచ్చేది). అంటే 50 లక్స్‌లో రోజుకు 8 గంటల చొప్పున 37 రోజులు. అదే 500 లక్స్‌లో పెడితే నాలుగు రోజులు తిరక్కుండానే ఏడాది కోటా అయిపోతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేశాం కదా అంటారు. కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తినేస్తుంది, దాన్ని ఆ అద్దం ఆపదు. బోస్టన్ లలితకళల మ్యూజియానికి 1921లో స్పాల్డింగ్ సోదరులు తమ సేకరణను ఎన్నడూ ప్రదర్శించరాదనే షరతుతో ఇచ్చారు. అసలు ఊదా ఎలా ఉండేదో ఇవాళ తెలుస్తున్నది అలాంటి ప్రతుల వల్లే.

చీకటిగా అనిపించకుండా చేసే మార్గాలున్నాయి. ఎండలోంచి వచ్చిన కళ్ళు సర్దుకునేలా ముందు ఒక మసక నడవా ఉంచాలి. గోడలకు ముదురు రంగు వేయాలి. దీపం ఎదురుగా కాక పక్కనుంచి పడాలి. అప్పుడే ఉతమారో ముఖాల వెనకున్న అభ్రకపు పొడి అద్దిన నేపథ్యం మెరుస్తుంది, రంగు లేకుండా ఒత్తిన నేత గీతలూ తేలతాయి. పటం కట్టేటప్పుడు నాలుగు అంచులూ అతికిస్తే మన వానాకాలపు తేమకు కాగితం సాగి ముడతలు పడుతుంది. పై అంచుకు మాత్రమే పల్చని జపాన్ కాగితపు పట్టీలు గోధుమ స్టార్చ్ జిగురుతో అతికించాలి. అద్దం బొమ్మకు తగలకూడదు.

ప్రతి చిత్రం పక్కన అది ఎన్నాళ్ళు ప్రదర్శనలో ఉంటుందో రాసి పెట్టండి. కాంతి కావాలనే వారి కోసం బయటి హాల్లో మంచి నకలు ఒకటి వేలాడదీయండి, దాని మీద ఎన్ని లైట్లు వేసినా నష్టం లేదు.

— ఒక పాఠకురాలు, విజయవాడ