సెబీ ఛైర్మన్ గారికి: ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ ఫీజు రూపాయల్లో చెప్పించండి

అయ్యా,

నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. అనంతపురం దగ్గర పొలం అమ్మగా వచ్చిన డబ్బులోంచి కోటి రూపాయలు విడతలుగా ఒక ప్రైవేట్ ఈక్విటీ ఫండ్‌కు, అంటే మదుపరుల డబ్బుతో కంపెనీల్లో వాటాలు కొనే ఫండ్‌కు, ఇస్తానని సంతకం పెట్టాను. మీ 2012 ఏఐఎఫ్ (ప్రత్యామ్నాయ పెట్టుబడి ఫండ్‌ల) నిబంధనల ప్రకారం మాలాంటివారికి కోటే కనీస మొత్తం.

ఆ కోటిలో మొదటి ఏడాది ఫండ్ అడిగింది 40 లక్షలే. 2 శాతం మేనేజ్‌మెంట్ ఫీజు మాత్రం మొత్తం కోటి మీద వేశారు. 2 లక్షలు, పైన జీఎస్టీ 36 వేలు. నిజంగా ఇచ్చిన డబ్బులో ఇది దాదాపు 6 శాతం! ఒప్పందంలో ఉంది కదా అంటారు. ఉంది, కాదనను.

లాభంలో వాటా ఇంకా చిక్కు. మాకు ఏటా 8 శాతం వచ్చాకే మేనేజర్‌కు 20 శాతం 'క్యారీ' అంటారు. వింటే 8 దాటినదాంట్లోనే 20 అనిపిస్తుంది. పూర్తి క్యాచప్ షరతు ఉంటే అలా కాదు. 8 దాటాక వచ్చేదంతా ముందు మేనేజర్‌కే పోతుంది, మొత్తం లాభంలో ఆయన వాటా ఐదో వంతు అయ్యేదాకా. మాకు ఫండ్ అమ్మినాయనే దీన్ని సరిగ్గా చెప్పలేకపోయాడు.

లాభం తెచ్చినవాడికి 20 శాతం ఇవ్వడానికి నాకు బాధ లేదు. ఫీజు అలా కాదు, ఫండ్ నష్టపోయినా కడుతూనే ఉండాలి.

మ్యూచువల్ ఫండ్ ఖర్చులకు మీరు పరిమితి పెట్టారు. నేను అంత అడగడం లేదు. ఫీజు, జీఎస్టీ, క్యారీ ఎంతయ్యాయో మూడు నెలలకోసారి రూపాయల్లో, ఒక్క పేజీలో పంపమనండి. కొత్త పెట్టుబడులు పెట్టే గడువు ముగిశాక, ఇంకా మిగిలి ఉన్న పెట్టుబడి మీదే ఫీజు లెక్కగట్టమనండి. ముందే క్యారీ తీసుకుని తర్వాత ఫండ్ నష్టపోతే, ఎక్కువ తీసుకున్నది వెనక్కి కట్టించే షరతు తప్పనిసరి చేయండి.

ఇట్లు,
ఒక మదుపరి, బెంగళూరు