పేరు చెప్పకుండా వెళ్లిన తమ్ముడికి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా తెలుగు లైబ్రరీకి ఒక కంపెనీ పాత కంప్యూటర్లు ఇచ్చింది. బ్యానరు, శాలువాలు, ఫొటోలు అన్నీ అయ్యాయి, వాళ్లు వెళ్లాక స్విచ్ వేస్తే ఒక్కటీ పనిచేయలేదు, లోపల హార్డ్ డిస్కులే లేవు! కంపెనీ డేటా బయటికి పోకూడదని తీసేస్తారట. సబబే, మరి కొత్తవి ఎవరు వేయాలి?

నువ్వు ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి ఏటి ఇవతలికి వచ్చి, ఆ డిస్కుల చోట చిన్న ఎస్ఎస్‌డీలు బిగించి, విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ ఎక్కించావు. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఈ మెషిన్లకు 11 ఎక్కదు అన్నావు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాళ్ల కోసం ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టావు, అందులో ఏ మీట మీద తెలుగు 'క' ఉంటుందో ఒడియా 'క' కూడా దాని మీదే, కాబట్టి ఒకసారి చెయ్యి తిరిగితే రెండూ వచ్చేస్తాయి. నెట్ పోయినా చదువుకోవడానికి కివిక్స్ అనే యాప్‌లో రెండు భాషల వికీపీడియాలూ వేశావు. (నెట్ పోవడం మాకు రోజూ ఉండేదే.)

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. పెట్టెలతో పాటు నీలాంటి మనిషి కూలికి కూడా అందులోంచి కాస్త తీస్తే ఎంత బాగుండు!

డబ్బులిస్తే తీసుకోలేదు, ఫోన్ నంబరూ ఇవ్వలేదు. చాలా థాంక్స్ తమ్ముడూ. ఇటు వస్తే భోజనం మా ఇంట్లోనే. ప్రింటర్ కూడా ఒకసారి చూద్దువుగాని.