అది తిమింగలం కాదు, సొరచేప

సంపాదకుల వారికి నమస్కారం.

మన తీరంలో మత్స్యకారుల వలలో ‘భారీ తిమింగలం’ చిక్కిందంటూ ఇటీవల ప్రచురించిన ఫొటోలో ఉన్నది తిమింగలం కాదు, వేల్ షార్క్ అనే సొరచేప. వీపు నిండా తెల్లని చుక్కలు, తల పక్కన అయిదు మొప్ప చీలికలు, నిలువుగా లేచిన తోక ఆ ఫొటోలోనే స్పష్టంగా కనిపిస్తున్నాయి. తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి అది తోకను పైకీ కిందికీ కొడుతూ ఈదుతుంది. చేప పక్కలకు ఊపుతుంది.

జీవశాస్త్రవేత్తలు జంతువులను వర్గీకరించేటప్పుడు పైకి కనిపించే ఆకారాన్ని, నివాసాన్ని కాక, శరీర నిర్మాణాన్ని, వంశక్రమాన్ని చూస్తారు. ఆ లెక్కన, ఊపిరితిత్తులతో గాలి పీల్చి పిల్లకు పాలిచ్చే తిమింగలానికి సొరచేప కన్నా మన పెరటి గేదె దగ్గరి చుట్టం. పెద్దవాళ్లూ తడబడిన చోటే ఇది: తన వర్గీకరణ గ్రంథం 1735 కూర్పులో తిమింగలాలను చేపల్లో కలిపిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్, 1758 కూర్పులో వాటిని క్షీరదాల్లోకి మార్చారు, కానీ అదే కూర్పులో సొరలను తీసుకెళ్లి ఉభయచరాల్లో పడేశారు!

వేల్ షార్క్‌కు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. వలలో పడితే వదిలేయాల్సిన ఆ చేపను పేరుతో సహా గుర్తుపట్టడం మత్స్యకారులకు అవసరం కనుక, సవరణను చిన్న అక్షరాల్లో లోపలి పేజీలో కాకుండా, అదే ఫొటోతో జిల్లా పేజీలో ప్రచురించగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం