తెరిపి

ఒరే బావా,

మొన్న ఫోన్లో నువ్వు పెట్టిన కేకలకి మీ చెల్లెలు వంటింట్లోంచి బయటికొచ్చింది. "వాన పడుద్దా పడదా, ఒక్క మాటలో చెప్పరా. ఇన్నేళ్లూ ఎయిర్‌ఫోర్స్‌లో నువ్వు ఊడబొడిచింది ఇదేనా?" అన్నావు. కళ్లంలో ధాన్యం ఉన్నవాడితో వాదన ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు బొమ్మ పంపిస్తావు.

నేను ఊడబొడిచింది ఏంటంటే, పైలట్ల కంటే ముందు లేవడం. తెల్లారుజామున నాలుగింటికి మెట్ సెక్షన్‌కి, అంటే వాతావరణ విభాగానికి పోయి మ్యాపులు చూసి, బయటికొచ్చి ఆకాశం చూడాలి. ఆకాశాన్ని ఎనిమిది వంతులు చేసుకుని ఎన్ని వంతులు మబ్బుందో రాయాలి. నీళ్ల ట్యాంకు కనపడితే ఇంత దూరం, దాని వెనకాల ఇటుకబట్టీ గొట్టం కూడా కనపడితే ఇంకింత దూరం, అలా ఉంటుంది చూపు లెక్క. హైడ్రోజన్ బెలూను వదిలి, అది ఎటు కొట్టుకుపోతోందో కోణాలు కొలిచే దుర్భిణి థియోడొలైటులో చూస్తూ పైగాలి లెక్కగట్టాలి. ఇదంతా అయ్యాక బ్రీఫింగ్ గదిలో కుర్రాళ్ల ముందు నిలబడితే, వాళ్లకీ నీలాగే ఒక్క మాట కావాలి. ఎగరొచ్చా, వద్దా?

ఉత్తరాదిలో ఒక జనవరి. ముందురోజు సాయంత్రం చినుకులు పడి నేల తడిసింది. రాత్రికి మబ్బు విడిపోయింది, గాలి లేదు. పొగమంచుని పిలిచి పీట వేసినట్టే. అన్నీ తెలిసి కూడా ఎనిమిదిన్నరకల్లా విడిపోతుందని చెప్పేశాను. పదకొండింటికి కూడా రన్‌వే అవతలి చివర కనపడలేదు. మా పై అధికారి సీవో ఒక్క మాట అనలేదు. నా ఎదుటే వాచీ చూసుకుని టీ తెప్పించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ పూట మా సీనియర్ ఒకాయన పక్కన కూర్చోబెట్టుకుని స్టాగ్ సంగతి చెప్పాడు. జేమ్స్ స్టాగ్ 1900లో స్కాట్లండ్‌లో పుట్టాడు. 1924లో బ్రిటిష్ వాతావరణ శాఖలో చేరాడు. 1932-33లో ఒక బృందాన్ని తీసుకుని కెనడా ఉత్తరాన మంచులో ఏడాది ఉండి కొలతలు తీసుకున్నాడు. అసలు రోజూ జోస్యం చెప్పే మనిషి కూడా కాదట. అలాంటివాడికి రెండో ప్రపంచ యుద్ధంలో గ్రూప్ కెప్టెన్ హోదా ఇచ్చి, మిత్రసేనల పెద్ద సేనాని ఐసెన్‌హోవర్ పక్కన కూర్చోబెట్టారు. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీ మీద సైన్యం ఎప్పుడు దిగాలో చెప్పమన్నారు.

1977 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లం, పోటూ పాటూ నీకు నేను చెప్పాలా. జర్మన్లు ఒడ్డున పాతిన అడ్డంకులు కనపడాలంటే తెల్లారేసరికి సముద్రం పాటులో, నీళ్లు వెనక్కి తగ్గి ఉండాలి. ముందురాత్రి పారాచూట్లతో దూకేవాళ్లకి వెన్నెల కావాలి. రెండూ కలిసేది 1944 జూన్ 5, 6, 7 తేదీల్లోనే. ఇక చెప్పేవాళ్లు చూస్తే ముగ్గురు పంతుళ్లు మూడు ముహూర్తాలు పెట్టినట్టు మూడు జట్లు. పాత మ్యాపుల్లో పోలికలు వెతికే అమెరికన్లు 5వ తేదీ బాగుంటుందన్నారు. నార్వే నుంచి వచ్చిన పెటర్సన్ ఉన్న బ్రిటిష్ వాతావరణ శాఖ డన్‌స్టబుల్ జట్టు తుఫాను వస్తోందంది. నేవీ వాళ్లది ఇంకో గొంతు. అందరూ ఫోన్లలో గంటల తరబడి కీచులాట. వీటన్నిటినీ కలిపి ఒక్క మాట చెయ్యడం స్టాగ్ పని. ఒకరోజు ఆయన గదిలోంచి వెళ్తుంటే ఒక అడ్మిరల్ అన్నాడట, ఆరడుగుల రెండంగుళాల మనిషిలో ఆరడుగుల ఒకటి దిగులే అని.

అందరూ తర్వాత వచ్చిన తెరిపి కథే చెబుతారు. నాకు మాత్రం ఆదివారం, జూన్ 4 తెల్లారుజామే ఇష్టం. నాలుగుంపావుకి మీటింగు. బయట గాలి లేదు, ఆకాశం దాదాపు తేటగా ఉంది. వేల ఓడలు సిద్ధం, కొన్ని అప్పటికే బయల్దేరాయి. అలాంటి ఆకాశం కింద నిలబడి "రేపు వద్దు" అన్నాడు. వాయిదా వేశారు. ఆ రాత్రి వానజల్లు వచ్చి కిటికీలకి కొట్టేదాకా ఆ మనిషి ఎలా ఉండుంటాడో నాకు తెలుసు. నేను మంచు విడుతుందని చెప్పి కూర్చున్నవాణ్ణి కదా.

తీరా వాన దంచుతుంటే ఈయన వెళ్లి, సోమవారం సాయంత్రం నుంచి కాస్త తెరిపి ఉంటుందన్నాడు! అట్లాంటిక్ గాలివానల లెక్కల్లో ఐర్లండ్ పడమటి కొసన బ్లాక్‌సాడ్ నుంచి వచ్చిన కొలతలది పెద్ద చెయ్యి. అవి తీసినమ్మాయి మొరీన్ ఫ్లావిన్‌కి సరిగ్గా జూన్ 3న 21 ఏళ్లు నిండాయి. మళ్లీ చూసి చెప్పమని ఇంగ్లండ్ నుంచి ఫోన్లు. ఎందుకో ఆమెకి తెలీదు. అవతల జర్మన్ సేనాని రొమ్మెల్, ఈ గాలివానలో ఎవరొస్తార్లే అని భార్య పుట్టినరోజుకి ఇంటికెళ్లాడు. 6న దిగారు. సముద్రం పూర్తిగా సద్దుమణగలేదు, కుర్రాళ్లు పడవల్లో వాంతులు చేసుకుంటూనే వెళ్లారు.

అప్పుడు వద్దనుకుంటే మళ్లీ పాటు కుదిరేది రెండు వారాలకి. ఆ 19వ తేదీనే వచ్చిన గాలివాన అమెరికన్లు ఒడ్డున కట్టుకున్న కృత్రిమ రేవుని నుగ్గు చేసింది. స్టాగ్ ఆ సంగతి రాసి పంపితే, మనం వెళ్లినప్పుడే వెళ్లినందుకు యుద్ధదేవతలకి దండం అని ఐసెన్‌హోవర్ దానిమీదే రాశాడు. స్టాగ్ మళ్లీ తన ఆఫీసుకెళ్లి, 1960 దాకా పనిచేసి రిటైరయ్యాడు. 1975లో పోయాడు.

ఇంతకీ బావా, నేను గురువారం మధ్యాహ్నం దాకా బరకాలు తియ్యొద్దన్నాను. బుధవారం పొద్దున ఎండ కాస్తుంటే నువ్వు నన్ను తిట్టావు. మిల్లు దగ్గర తేమ ఎంత వచ్చిందో రాయి. 17 శాతం దాటితే ఆ పాపం నా మెడకి చుట్టకు. నువ్వు బుధవారమే బరకాలు తీసేశావని చెల్లాయి నాకు ఎప్పుడో చెప్పేసింది.

నీ
మబ్బుల మాస్టారు