రాజమహేంద్రవరం రేవుల మధ్య పగటి పడవ నడపాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్ల గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. ఘాట్ల విస్తరణ, రోడ్లు, హేవలాక్ వంతెనను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దడం, ఇవన్నీ చేయవలసిన పనులే. కానీ పడవలో వచ్చి, నచ్చిన రేవులో దిగి, ఊరిని తీరిగ్గా చూసుకుని, మరో రేవులో మళ్లీ పడవెక్కే వీలు కల్పించాలన్న ఆలోచన మాత్రం వాటిలో కనిపించడం లేదు.

పోలవరం దగ్గర నదికి అడ్డుకట్ట పడిన తరువాత పాపికొండల బోట్లు ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయలుదేరుతున్నాయి. దాంతో దూరప్రాంతాల నుంచి వచ్చినవారు రాజమహేంద్రవరంలో రాత్రి బస చేసి, తెల్లవారగానే బస్సెక్కి వెళ్లిపోతున్నారు. రాజరాజనరేంద్రుడు ఏలిన, నన్నయ మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకున్న నగరం వారికి నిద్రపోయి లేచే చోటుగానే మిగులుతోంది. గట్టు దగ్గర విహారానికి ఎక్కించుకునే బోట్లు ఒక చుట్టు తిప్పి ఎక్కినచోటే దించేస్తే అది సరదాయే తప్ప ఊరు చూసినట్లు కాదు.

నిజానికి ఈ ఊరి ముందున్న నీరు పడవకు ఎంతో అనువైనది. ధవళేశ్వరం బ్యారేజీ నిలిపిన నీటితో గోదావరి ఇక్కడ పాయలుగా చీలకముందు అఖండంగా ఉంటుంది. ఉదయం కోటిలింగాల రేవులో బయలుదేరిన పడవ ఎదుటి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి, అక్కడి నుంచి పుష్కర ఘాటుకు చేరవచ్చు. 1974లో రోడ్డు, రైలు వంతెన రాకముందు ఈ రెండు ఊళ్ల మధ్య లాంచీలు తిరిగేవని పెద్దలకు గుర్తే. పుష్కర ఘాటులో దిగినవారు మార్కండేయస్వామి గుడి, దామెర్ల రామారావు చిత్రశాల, గౌతమీ గ్రంథాలయం చూసి, 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్లవచ్చు. ఎండ ముదిరితే రోజ్ మిల్క్ తాగడానికి వారికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. మధ్యాహ్నం మరో పడవలో, 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెనను నీటి మీద నుంచి చూస్తూ ధవళేశ్వరం వైపు సాగి, బ్యారేజీకి తగినంత ఎగువనే దిగితే, 1847–1852 మధ్య ఆనకట్ట కట్టిన కాటన్ పేరిట ఉన్న మ్యూజియంలో సాయంత్రం దాకా గడపవచ్చు. ఒకే టిక్కెట్టు రోజంతా, అన్ని రేవుల్లోనూ చెల్లాలి. లేకపోతే డబ్బు దండగవుతుందన్న తొందరలో ఎవరూ మధ్యలో దిగరు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో మునిగిన బోటును ఎవరూ మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. అందువల్ల వరద రోజుల్లో ఈ పడవలను పూర్తిగా ఆపేయాలి. మిగిలిన కాలంలో కూడా లైఫ్ జాకెట్ వేసుకోనివారిని ఎక్కించకూడదు. ఎక్కినవారి లెక్క ప్రతి రేవులోనూ చూడాలి. పట్టిసీమ దాకా నడపాలని కొందరు అడగవచ్చు గానీ, వేసవిలో అక్కడ ఇసుక తేలుతుంది కనుక నీరున్న నెలలకే దాన్ని పరిమితం చేయడం మంచిది.

పర్యాటక, జలవనరుల శాఖలు కలిసి కూర్చుని, పుష్కరాల రద్దీకి చాలా ముందే ఈ శీతకాలంలో రెండు పడవలతో దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించాలని కోరుతున్నాను. వృద్ధులు ఎక్కి దిగడానికి వీలైన జెట్టీలు, ప్రతి రేవులోనూ మరుగుదొడ్లు, పడవ వచ్చే వేళలూ ఛార్జీలూ తెలిపే తెలుగు బోర్డులు ముందుగా ఏర్పాటు కావాలి. సోమవారం, శుక్రవారం వంటి రోజుల్లో మ్యూజియాలు మూసి ఉంటే ఆ సంగతి కూడా టిక్కెట్టు ఇచ్చేచోటే చెప్పాలి.

– ఒక పాఠకుడు, కొవ్వూరు