నల్లార్బర్ దారిలో నా కోసం ఆగిన వారికి కృతజ్ఞతలు

ఆస్ట్రేలియాలో పడమటి నుంచి తూర్పుకు సైకిల్ మీద వెళుతూ నల్లార్బర్ అనే ఎండు మైదాన ప్రాంతం దాటుతున్నప్పుడు, వడదెబ్బ అంచుదాకా వెళ్ళిన నన్ను ఆదుకున్న, కారవాన్‌లో (కారు వెనక లాగే ఇల్లులాంటి బండి) ప్రయాణిస్తున్న దంపతులకు, వారి రేడియో పిలుపు విని వచ్చిన ట్రక్కు డ్రైవరుకు, ఆ తరువాత నన్ను చూసుకున్న కైగూనా రోడ్‌హౌస్ (ప్రయాణికులకు పెట్రోలు, తిండి, బస దొరికే చోటు) సిబ్బందికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

దానికి ముందు వచ్చే రోడ్‌హౌస్ బల్లడోనియా నుంచి కైగూనాకు సుమారు 180 కిలోమీటర్లు. మధ్యలో ఊరు లేదు, రోడ్‌హౌస్ లేదు. అందులో 146.6 కిలోమీటర్ల మేర ఈ ప్రాంతం గుండా పోయే ఐర్ హైవే ఒక్క మలుపు కూడా లేకుండా సాగుతుంది. 1896లో ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే సైక్లిస్టు పడమటి ఆస్ట్రేలియాలోని కూల్గార్డీ నుంచి అడిలైడ్‌కు సైకిల్ మీద వెళ్ళినప్పుడు ఆయనకు దారి చూపినవి టెలిగ్రాఫ్ తీగలు. ఈ దారికి పూర్తిగా తారు పడింది 1976లోనే. రోడ్డు బాగుపడినా ఎండ మాత్రం అదే ఎండ. అక్కడక్కడా కనిపించే పొట్టి చెట్ల పలుచని నీడ నడిమధ్యాహ్నం మనిషిని కాపాడలేదు.

ఆ రోజు ఉదయం నుంచే ఉత్తరాన ఉన్న ఎడారి మీదుగా వేడిగాలి వీచింది. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. అలాంటి ఎండలో సైకిల్ తొక్కే మనిషి శరీరం నుంచి గంటకు లీటరుకు మించి చెమట పోవచ్చు, పేగులు అంత వేగంగా నీటిని పీల్చుకోలేవు, కాబట్టి దగ్గర నీళ్ళు ఉన్నా, మానకుండా తాగుతున్నా ఒళ్ళు ఎండిపోతూనే ఉంటుంది. మధ్యాహ్నానికి తలనొప్పి మొదలైంది, తరువాత వాంతి వచ్చేలా అనిపించింది, చివరికి చేతులు వణికి హ్యాండిల్ నిలపలేక రోడ్డు పక్కన కూర్చుండిపోయాను.

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వాహనాలు పోయే దారి అది. దూరంగా కూర్చున్న మనిషిని చూసి, విశ్రాంతి తీసుకుంటున్నాడులే అనుకుని వెళ్ళిపోవడం ఎవరికైనా సహజమే. ఆ దంపతులు మాత్రం వేగం తగ్గించి, నా ముఖం చూసి, బండి పక్కకు తీసి ఆపారు. నేను అన్నిటికన్నా ముందు కృతజ్ఞత చెప్పవలసింది ఆ ఆగడానికే.

ఆగిన తరువాత వారు చేసిన ప్రతి పనిలోనూ తెలివిడి ఉంది. నన్ను వెంటనే కారులో ఎక్కించి పరుగెత్తలేదు. ముందు ఒళ్ళు చల్లబరచాలి, ఆ తరువాతే ప్రయాణం అన్నది వారికి బాగా తెలుసు. కారవాన్ నీడలో పడుకోబెట్టి, బూట్లు విప్పి, ఒంటి మీద నీళ్ళు చల్లి ఫ్యాను పెట్టారు. ఆమె ఒక దిండు గలీబు తడిపి నా మెడ మీద వేసి, అది వెచ్చబడిన ప్రతిసారీ తీసి, మళ్ళీ తడిపి వేశారు. ఉత్త నీళ్ళు గటగటా తాగనివ్వకుండా ఓఆర్‌ఎస్ కలిపి, సీసా మూతతో కొద్దికొద్దిగా పట్టించారు, ఎందుకంటే చెమటతో ఉప్పు పోయినప్పుడు ఉత్త నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం ఇంకా పడిపోతుంది. మధ్యమధ్యలో నా పేరు, ఆ రోజు ఏ వారమో అడుగుతూనే ఉన్నారు. మాట తడబడితే అది వడదెబ్బే అవుతుందని, అప్పుడు విమానంలో వైద్యులు వచ్చే ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసును పిలవక తప్పదని తరువాత చెప్పారు.

ఫోన్ సిగ్నల్ లేని ఆ చోట భర్త బండిలోని యూహెచ్‌ఎఫ్ రేడియోలో, ట్రక్కు డ్రైవర్లు వినే 40వ చానెల్‌లో విషయం చెప్పగానే, ఎదురుగా వస్తున్న ఒక ట్రక్కు డ్రైవరు ఆగి తన ఫ్రిజ్‌లోని ఐసు ఇచ్చారు. దాన్ని మేజోళ్ళలో నింపి నా చంకల్లో పెట్టారు. ఆయన పేరు అడిగే లోపే వెళ్ళిపోయారు. ఎండ తగ్గాక ఆ దంపతులు నన్నూ సైకిల్‌నూ కైగూనా చేర్చి, నేను తిన్నంత తిని నిద్రపోయేదాకా అక్కడే ఉన్నారు. రోడ్‌హౌస్ సిబ్బంది రాత్రి ఒకటికి రెండుసార్లు తలుపు తట్టి నా పరిస్థితి కనుక్కున్నారు.

నేను పూర్తిగా కోలుకుని ప్రయాణం కొనసాగిస్తున్నాను. ఆ దంపతులకు ఆంగ్లంలో విడిగా ఉత్తరం రాశాను. నా వాళ్ళందరికీ వారి మేలు తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అమ్మా, అయ్యా, మీకు నేను ఎంతగానో రుణపడి ఉన్నాను.