నెల్లూరులో ఫోన్లు బాగుచేసే ఆ అన్నకి

రాత్రి ఒంటిగంటన్నరకి నా ఆస్ట్రేలియా వీసాకి ఆఖరి ఫైల్ అప్‌లోడ్ అయింది. వీసా ఆఫీసువాళ్లు 28 రోజులు టైమిచ్చారు, నిన్నటికి 26. పడుకున్నా నిద్ర పట్టక తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నా. తప్పులుంటే ఏమనుకోబాకండి. ఇవాళ రాయకపోతే మళ్ళీ పనుల్లో పడిపోతా, ఆ మనిషి గురించి నలుగురికీ చెప్పకుండా ఉండిపోతే నాకు మనసొప్పదు.

తెలియనివాళ్లకి కొంచెం చెప్తా. మాది కందుకూరు. నాన్న చనిపోయాక ఏడాది లోపలే పెళ్లి చేసేయాలని పెద్దోళ్లు పట్టుబట్టి 2023 ఫిబ్రవరిలో మాలకొండ మీద గుడిలో చేసేశారు, శనివారం రోజు, ఆ గుడి తెరిచేదే శనివారం గదా. ఇంట్లో అంత దుఃఖం పెట్టుకుని బాజాలు, బ్యానర్లు ఎవరికి కావాలి, ముప్ఫై మందిమి కూడా లేము. మా ఆయన ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో పీఆర్, అంటే అక్కడే ఉండిపోయే పర్మిషన్ ఉంది, సెలవు 18 రోజులే దొరికింది. వచ్చాడు, తాళి కట్టాడు, పోయాడు. మళ్ళీ వచ్చింది 2024 జనవరిలోనే. ఆ మధ్య పదినెలలూ మా కాపురం అంతా ఫోన్‌లోనే.

2024 ఆగస్టులో పార్ట్‌నర్ వీసా, అంటే మొగుడి దగ్గరికి పోయే వీసా, అదే 309 కి పెట్టాం. ఫీజు 9,095 ఆస్ట్రేలియా డాలర్లు, మన డబ్బుల్లో ఐదు లక్షల పైమాటే, కాదంటే తిరిగి రాదు. పోయిన నెల మెయిల్ వచ్చింది, మీ ఆధారాలు చాలవు, 28 రోజుల్లో ఇంకా పెట్టండి అని. వాళ్లు నాలుగు చూస్తారంట, డబ్బులు, ఇల్లు నడిపే తీరు, బయట నలుగురిలో మిమ్మల్ని మొగుడూపెళ్లాలుగా ఎరుగుదురా లేదా, ఒకరికొకరు ఎంత కట్టుబడి ఉండారు. మా ఆయన డబ్బులేమో మా అత్తమ్మ ఖాతాకి వేసేవాడు, ఆమె నా చేతికి ఇచ్చేది, దానికి కాగితం యాడుంటది? వేరే ఇల్లు లేదు, నేను అమ్మ దగ్గరే. ఇక మిగిలింది మా మెసేజ్‌లు, కాల్స్. అవి ఉన్న ఫోన్ 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వాకిట్లో నీళ్లలో పడి చచ్చిపోయింది. డేటా అయిపోతుందని బ్యాకప్ ఆఫ్ చేసి పెట్టుకున్నా. ఎవరో చెప్తే నాలుగు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి, ఆ తర్వాత పారేయబుద్ధి కాక బీరువాలో పెట్టా. ఏడాదిన్నర అక్కడే ఉంది.

వీసా కన్సల్టెన్సీకి పోతే (ఊరు, పేరు రాయను, మీలో కొంతమందికి తెలుసు) అక్కడ కుర్రాడు కొత్త ఫోన్‌లో ఉన్న చాట్‌ని పెద్ద కంప్యూటర్ మీద పెట్టి, వెనక పది మంది కూర్చుని ఉండగా, కిందకి తిప్పుకుంటా ఒకటి పైకి చదివి నవ్వాడు. నేను తల దించుకుని కూర్చున్నా. ఆ కన్సల్టెన్సీ పెద్దాయన ఏమో పెళ్లి ఫోటోలు తక్కువున్నాయి, మీ ఆయన వచ్చినప్పుడు మళ్ళీ పట్టుచీరలు కట్టి ఇంకో వంద దిగండి, పెళ్లప్పటివని పెట్టేద్దాం అన్నాడు. అబద్ధం కాగితం పెట్టారని తేలితే మూడేళ్ల దాకా వీసా రాకుండా పోద్ది, ఆ మాట మాకు చెప్పాల్సింది ఆయనే గదా? జరిగిన పెళ్లికి దొంగ ఫోటోలు ఎందుకు పెట్టాలి నేను? లేచి వచ్చేశా. కట్టిన డబ్బులు అడిగితే ఇంతవరకు ఫోన్ ఎత్తలేదు.

కందుకూరులో రెండు షాపులోళ్లు ఆ ఫోన్ చూసి వదిలేయమన్నారు. చెన్నైలో అడిగితే పాతిక వేలు, అదీ వస్తుందని నమ్మకం లేదు. నెల్లూరులో బోర్డు పని బాగా చేసే ఆయన ఒకరున్నారని అన్న ఫ్రెండ్ చెప్తే కావలి మీదుగా బస్సెక్కి పోయా. అది రొట్టెల పండగ వారం. ఊరంతా జనం, ఆటోలు కదలట్లా. మేడ మీద చిన్న గది, ఆయన బల్ల మీద పళ్లెం నిండా ఫోన్లు, అన్నీ స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేటప్పుడు జారిపడినవే. ఇన్ని పెట్టుకుని నాది ఏం చూస్తాడులే అనుకున్నా. విప్పి మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను కూడా చూడమన్నాడు. బోర్డు మీద పచ్చగా చిలుం, మూలల్లో తెల్లగా బియ్యప్పిండి. "మాట ఇవ్వలేనమ్మా, రెండు రోజులు వదిలిపెట్టి పో" అన్నాడు. ఎందుకు కావాలని అడగలా. నేనే చెప్పా, వీసాకి అని.

మూడో రోజు ఫోన్ చేసి రమ్మన్నాడు. బోర్డు అట్టాగే బల్ల మీద ఉంది, వేరే ఫోన్ డిస్‌ప్లే తగిలించి, కరెంటు మిషన్ వైర్లతో ఇచ్చాడు. ఒక నిమిషం ఏం రాలా. తర్వాత వెలిగింది.

లాక్ స్క్రీన్ మీద నా స్కాన్ ఫోటో ఉంది.

నేను మర్చేపోయా అది అక్కడ ఉందని. 2023 ఏప్రిల్‌ది. మాకు నిలవలేదు. ఇంతకంటే రాయను, దగ్గరోళ్లకి తెలుసు. ఆ నెల మేమిద్దరం మాట్లాడుకున్నవే నాకు కావాల్సినవి, ఎవరికీ చూపించలేనివీ అవే.

ఆయన ఒక్కసారి చూశాడు. ఏం అడగలా. ఆ డిస్‌ప్లేని మెల్లగా నా వైపు తిప్పి, కుర్చీ నా ముందుకి జరిపి, "ప్యాటర్న్ మీరే గీయండమ్మా, మీ మాటలు మీరే తీసుకోండి, నేను చూడను" అని లేచి గుమ్మం దగ్గరికి పోయి నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏం చేయాలో అక్కడ్నుంచే చెప్పాడు, తల తిప్పకుండా. నెట్ ఆన్ చేయబాక, చేస్తే వాట్సాప్ లాగౌట్ అయిపోద్ది అన్నాడు. వాట్సాప్ పాతదైపోయి తెరుచుకోలేదు, తేదీ వెనక్కి పెట్టమన్నాడు, 2023 డిసెంబర్ అని పెట్టంగానే తెరుచుకుంది. ఫోటోలతో కలిపి ఎక్స్‌పోర్ట్ చేస్తే చివరి పది వేల మెసేజ్‌లే వస్తాయి, ఏప్రిల్ దాకా పోదు, ఉత్త మాటలైతే నలభై వేల దాకా వస్తాయి, అట్టా తీసుకుని ఫోటోలు విడిగా కాపీ చేసుకోమన్నాడు. నా చేతులు వణుకుతున్నాయి. పైన అన్నీ "తిన్నావా", "తిన్నా", "నువ్వు?" కిందకి పోయేకొద్దీ ఆ రాత్రి వచ్చింది, మూడు గంటల సేపు మా ఆయన పంపినవి, నేను జవాబివ్వనివి, మధ్యమధ్యలో మిస్డ్ కాల్స్. ఏడుపు ఆగలా.

ఆ అన్న అప్పుడు కూడా తిరిగి చూళ్లా. "ఏడవబాకమ్మా, లోపల అన్నీ ఉండాయి, ఏదీ పోలా" అన్నాడు. నలభై నిమిషాలు గుమ్మంలోనే నిలబడి పైకి వచ్చేవాళ్లని "కాసేపాగి రాండి, లోపల పని జరగతా ఉంది" అని పంపించేశాడు. పండగ వారం, గిరాకీ అంతా ఆ వారమే.

అయిపోయాక రెండు వేలు ఇస్తే పార్టుకి 400 తీసుకుని మిగతాది లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. పేరు రాస్తానంటే రాయబాకమ్మా అన్నాడు, అందుకే రాయలా. అన్నా, మీరు ఇది చూస్తారో లేదో తెలియదు. ఏడాదిగా నా పెళ్లిని కనపడ్డ ప్రతివాళ్ల ముందూ విప్పి చూపిస్తా ఉన్నా. చూసే వీలు ఉన్నా చూడకుండా పక్కకి తిరిగింది మీరొక్కరే. బస్సులో సింగరాయకొండ పిల్ల ఎవరో పక్కన కూర్చుని ఎందుకక్కా ఏడుస్తున్నావంటే చెప్పలేకపోయా.

అమ్మ, అన్న, వదిన, అత్తమ్మ సంగతి వేరే చెప్పేదేముంది, వాళ్లు చేయకపోతే ఎవరు చేస్తారు.

ఒకటి మాత్రం అడగాలి. నా బర్త్ సర్టిఫికెట్‌లో ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్లో కందుకూరుని నెల్లూరులో కలిపారు కాబట్టి పెళ్లి సర్టిఫికెట్‌లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. నాన్న పేరు ఒకదాంట్లో మాలకొండయ్య, ఇంకోదాంట్లో మాల్యాద్రి. మా వైపు ఆ రెండూ ఒకటేనని చంటి పిల్లోడిక్కూడా తెలుసు. పేరు సరిచేయమని ఆఫీసుకి మూడు సార్లు పోతే మూడు సార్లూ సర్వర్ లేదన్నారు, నాలుగోసారి నాన్నని తీసుకుని రమ్మన్నారు. చచ్చిపోయిన మనిషిని! డెత్ సర్టిఫికెట్ ఆ బల్ల మీదే ఉంది. జిల్లాలు మార్చింది వాళ్లు, నోటరీ అఫిడవిట్లు రాయించుకుని తిరిగేది మేము. ఇద్దరు మనుషులు మొగుడూపెళ్లాలు అని ఊరంతా సాక్ష్యం చెప్తుంటే ఆ సాక్ష్యానికి విలువ లేదు, 5 ఎంబీ లోపు పీడీఎఫ్‌కే విలువ.

అయ్యో, మేడం గారిని మర్చిపోయా. మా కాలేజీ ఇంగ్లీష్ మేడం, రిటైరయ్యారు, కళ్లు సరిగా కనపడకపోయినా మెసేజ్‌లు 46 పేజీలు కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి ప్రతి పేజీ కింద పేరు, అడ్రస్, చదువు రాసి సంతకం పెట్టారు. "నీ మొహం" అని మా ఆయన ముద్దుగా అన్నది ఎట్టా రాయాలని నాకు ఫోన్ చేసి మరీ అడిగారు.

పెర్త్‌లో మా ఆయన పక్కింటి పెద్దాయన, ఆయన భార్య, నన్ను వీడియోలో తప్ప చూడలేదు, ఇద్దరూ మా కాపురం నిజమేనని సాక్ష్యం చెప్పే 888 ఫారాలు రాసిచ్చారు. మాలకొండలో పెళ్లి చేసిన అయ్యవారు, 28 రోజుల్లో దొరికేది నాలుగే శనివారాలు, రెండోదానికే లెటర్ ఇచ్చేశారు. జిరాక్స్ షాపు తమ్ముడు ఫైళ్లు తగ్గించి పెట్టి రాత్రి పదింటిదాకా షాపు తీసే ఉంచాడు.

ఇంకొకరు, కావలి బస్టాండులో ఫైలు సీట్లో వదిలేసి దిగిపోతే పరిగెత్తుకుంటా వచ్చి ఇచ్చిన కండక్టర్ గారు. అందులో అన్నీ ఒరిజినల్స్. థాంక్యూ అని కూడా చెప్పలేదు, బస్సు కదిలిపోయింది.

ఇంకెవరినైనా మర్చిపోతే కోప్పడబాకండి, గుర్తొస్తే కింద రాస్తా. అమ్మ టీ పట్టుకుని వచ్చింది.